వంకల మామయ్యా, ఏడుపు మొహం మిషనూ

వస్తువు కంటబడితే చాలు, వంకల మామయ్య దానికి వంక పెట్టకుండా ఉండలేడు. కొందరికి తుమ్ము ఆగదు, కొందరికి ఎక్కిళ్ళు ఆగవు, ఆయనకు వంక ఆగదు. కుర్చీ చూపిస్తే కాళ్ళు పొట్టంటాడు. కాళ్ళు పొడుగైతే వీపు నిటారంటాడు. రెండూ సరిగ్గా ఉన్న కుర్చీలో కూర్చోబెడితే కాసేపు ఇబ్బందిగా కదిలి, "ఇందులో కూర్చుంటే నిద్రొస్తోంది, ఇదేం కుర్చీ?" అంటాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళను మనం చాలామందిని చూశాం. మామయ్య అక్కడితో ఆగడు. ఆ ఈకలు కూడా నాసిరకమని గుడ్డు వెనక్కిచ్చేస్తాడు.

ఆయనకు అసలు పేరు ఒకటుంది. కానీ మేనకోడలు మాటలు నేర్చే వయసులోనే "వంకల మామయ్యా" అని పిలవడంతో వీధి వీధంతా దాన్నే ఖాయం చేసేసింది. ఆయన ఆ పేరుకూ వంక పెట్టాడు, పలకడానికి మరీ పొడుగ్గా ఉందని. ఆ మేనకోడలిని అందరూ ఉడత అంటారు. మెట్లుంటే మెట్లెక్కుతుంది, లేకపోతే కిటికీ ఎక్కుతుంది. కిందికి దిగమంటే మాత్రం వినపడదు.

మామయ్యకు బజార్లో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వంకలు పెట్టేవాడు వ్యాపారం ఎలా చేస్తాడని మీకు అనుమానం రావచ్చు. చేయలేడు. ఎవరైనా కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ మురిసిపోతుంటే, పక్కనే నిలబడి పెదవి విరుస్తాడు.

"తీసెయ్యండి."

"బానే ఉందిగా?"

"ఏం బాగు? మీ ముక్కు మీంచి జారిపోతుంటేనూ!"

"నా ముక్కే కాస్త చప్పిడి లెండి."

"ముక్కునేమీ అనకండి! ముక్కు ముందొచ్చింది, ఫ్రేము తర్వాతొచ్చింది. తర్వాతొచ్చినదే సర్దుకోవాలి."

అలా సర్దుకునే ఫ్రేము దొరికేదాకా ఆ మనిషిని వదలడు. తన దగ్గర దొరక్కపోతే చెయ్యి పట్టుకుని ఎదురు దుకాణంలో దింపి వస్తాడు. ఎదురు దుకాణంవాడు ఆయనకు ఎంత మర్యాద చేస్తాడంటే, కన్నతండ్రికి కూడా అంత చేసి ఉండడు.

అన్నయ్య వస్తున్నాడంటే ఉడత వాళ్ళమ్మకు మాత్రం దడ. గుమ్మంలో ఆయన దగ్గు వినపడగానే ఉడత వాళ్ళ నాన్నకు ఏదో అర్జెంటు పని గుర్తొచ్చి పెరటి దారిన జారుకునేవాడు. ఆమె ఎక్కడికని జారుకుంటుంది? తోడబుట్టినవాడాయె. గుమ్మం ఎత్తెక్కువనీ, పంపు నీళ్ళు పడే చప్పుడు బాలేదనీ, గడియారం ముళ్ళు లావనీ ఆయన చెబుతుంటే టీ గ్లాసు చేతికిచ్చి వింటూ కూర్చునేది. టీ తాగాక, గ్లాసుకు అడుగు మందమని ఇంకొకటి.

ఆ ఇంట్లో నవ్వులు తగ్గిపోయిన రోజొకటి వచ్చింది. ఉడత ఉన్నట్టుండి చిక్కిపోయి, బిందెలకు బిందెల నీళ్ళు తాగేస్తుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. షుగరన్నారు. పిల్లలకు కూడా వస్తుందనీ, ఒంట్లో తయారవ్వాల్సిన ఇన్సులిన్ తయారవ్వడం మానేసిందనీ, ఇక రోజూ సూదులు తప్పవనీ డాక్టరు చెప్పాడు. ఇందులో ఎవరి తప్పూ లేదని కూడా చెప్పాడు. ఆ చివరి మాట బంధువులెవరికీ వినపడినట్టు లేదు. ఒక్కొక్కరే వచ్చి మంచం పక్కన నిలబడి, "ఏం పెట్టావమ్మా పిల్లకి? చాక్లెట్లు బాగా అలవాటు చేశావా?" అని వాళ్ళమ్మను పరామర్శించి వెళ్ళారు.

మామయ్య కూడా వచ్చాడు. వస్తూనే ఫ్యాను వైపు చూశాడు.

"అది తిరుగుతోందా, ఆలోచిస్తోందా?"

"అన్నయ్యా..."

"ఈ మంచం చక్రం చూడు, మూడు ఒకవైపు, ఇది ఒకవైపు. ఆ కర్టెను ఎవరు కుట్టారో గానీ, కళ్ళు మూసుకుని కుట్టారు."

"పిల్ల ఇలా పడుంటే నీ నోట ఒక్క మంచిమాట రాదా?"

"మంచమే మంచిది కానప్పుడు మాటెక్కడ మంచిదొస్తుంది?" అంటూ వంగి చక్రం బాగు చేయబోయి, ఇరుక్కున్న వేలు తీసుకోలేక నర్సును పిలిచాడు. సెలైను సూది చేతికున్న ఉడత ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి నవ్వింది. వాళ్ళమ్మకు మాత్రం ఒళ్ళు మండింది.

తర్వాత అన్నీ అలవాటయ్యాయి. ఉడత చేతికి బొత్తాం అంత సెన్సరు ఒకటి అంటించారు. ఒంట్లో షుగరెంతుందో అది ఎప్పటికప్పుడు లెక్క చెబుతుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో పలకరింపు మారిపోయింది. పిల్ల నిద్ర లేస్తే "ఎంతుంది?" బడి నుంచి వస్తే "ఎంతుంది?" అంకె ఎక్కువుంటే "ఎందుకంత? ఏం తిన్నావు?" అని వాళ్ళమ్మ. తల్లి భయం తల్లిది, కాదనలేం. పరీక్ష తప్పిన పిల్లలా ఉడత నేల చూపులు చూసేది. కిటికీలెక్కడం కూడా తగ్గించింది.

ఇంతలో బడివాళ్ళు ఉడత తరగతిని కొండల్లోకి విహారయాత్రకు తీసుకెళ్తామన్నారు. ఒక రాత్రి అక్కడే బస.

"నేనూ వెళ్తానమ్మా."

"అక్కడ నీ షుగరు పడిపోతే ఎవరు చూస్తారే?"

"టీచరుంటుందిగా!"

"టీచరు నలభై మందిని చూడాలి. నీకు నేనున్నా చాలట్లేదు."

అప్పుడే డాక్టరు ఒక కబురు చెప్పాడు. షుగరున్న పిల్లల కోసం ఒక చిన్న కంపెనీ చేతికి కట్టుకునే మిషను తయారుచేస్తోందట. సెన్సరు లెక్కను బట్టి అది హెచ్చరిస్తుంది. తయారీ పూర్తికాకముందే పిల్లలనీ ఇంట్లోవాళ్ళనీ పిలిచి, వాళ్ళ సలహాతో మార్పులు చేస్తారట. వాళ్ళమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ మిషను పెట్టుకుంటానంటే యాత్రకు పంపిస్తా."

"సరే. కానీ అక్కడికి మామయ్య కూడా రావాలి."

"మామయ్యొస్తే కంపెనీవాళ్ళు మూటాముల్లె సర్దుకుని పారిపోతారే!"

"మామయ్య రాకపోతే నేనూ రాను."

శనివారం ముగ్గురూ వెళ్ళారు. పెద్ద హాలు, గుండ్రటి బల్లలు, రంగు కాగితాలు, స్కెచ్చి పెన్నులు. నాలుగైదు కుటుంబాలు పెళ్ళిచూపులకొచ్చినట్టు సర్దుకుని కూర్చున్నాయి. బొద్దుగా ఉన్న మేనేజరు ముందుకొచ్చి, "మొహమాటం లేకుండా చెప్పండి. మీ మాటలే మాకు కావాలి," అన్నాడు. పక్కన డిజైనరమ్మాయి రంగు చీటీలు పట్టుకుని నిలబడింది, ఎవరే మాటన్నా రాసి గోడకు అంటించడానికి. మేనేజరు ఎంతో ముద్దుగా మిషను బయటికి తీశాడు. షుగరు సరిగ్గా ఉంటే అందులో ఆకుపచ్చ మొహం ఒకటి నవ్వుతుంది. ఎక్కువైనా తక్కువైనా ఆ మొహం ఎర్రబడి, బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ పైకే ఏడుస్తుంది. ఆ ఏడుపు పక్క వీధికి వినపడుతుంది.

"ఎలా ఉందండీ?"

"బాగుందండీ," అంది మొదటి కుటుంబం.

"చాలా బాగుందండీ," అంది రెండోది.

"మా ఊహకు కూడా అందలేదండీ," అంది మూడోది. డిజైనరమ్మాయి చేతిలో చీటీలు చేతిలోనే ఉన్నాయి. మేనేజరు వెలిగిపోతూ మామయ్య వైపు తిరిగాడు.

"మొహమాటం వద్దన్నారుగా?" అన్నాడు మామయ్య.

"అస్సలొద్దు."

"అయితే మొదట ఈ టీ సంగతి చూడండి. కప్పు కాలుతోంది, టీ మాత్రం చల్లారింది. అదెలా సాధించారో నాకర్థం కాలేదు. ఈ బల్ల గుండ్రంగా ఉంది, మోచేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. ఈ కుర్చీకి వీపు మరీ నిటారు. ఈ పెన్ను మూత ఆకుపచ్చ, లోపల నీలం. నమ్మకద్రోహం కాదా? తలుపు మీద 'తొయ్యండి' అని రాశారు, లాగితే తెరుచుకుంది."

"అయ్యా, మిషను గురించి..."

"దానికే వస్తున్నా. ఆ ఏడుపు మొహానికి కనుబొమలు సమానంగా లేవు. ఎడమది పైకెళ్ళింది. ఏడుస్తున్నట్టు లేదు, అప్పిచ్చినవాడు కనపడ్డట్టుంది."

భూమి రెండుగా చీలి తనను లోపలికి తీసుకుంటే బాగుండుననుకుంది వాళ్ళమ్మ. కానీ మూల బల్ల దగ్గర ఓ చిన్న పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వి, "దీని పట్టీ దురద పెడుతోంది," అంది. "నా చేతికి వదులు," అన్నాడొక పిల్లవాడు. "దీంతో ఈత కొట్టొచ్చా?" అన్నారింకెవరో. డిజైనరమ్మాయి చీటీల మీద చీటీలు రాస్తూ గోడ నింపేసింది. టీ కప్పుకూ పెన్ను మూతకూ కూడా చెరో చీటీ దక్కింది.

వారం రోజులు వాడి చూడమని అందరికీ తలా ఒక మిషను ఇచ్చి పంపారు. మొదటి రోజు ఉడత బుద్ధిగా కట్టుకుని బడికి వెళ్ళింది. రెండో రోజు కూడా కట్టుకుంటానంది. మూడో రోజు సాయంత్రం మామయ్య టీ గ్లాసుకు వంక పెడుతుండగా, ఎక్కడి నుంచో సన్నగా ఏడుపు వినపడింది. వాళ్ళమ్మ వంటగదిలో వెతికింది, మంచం కింద వెతికింది. చివరికి చెప్పుల స్టాండులో, ఉడత బూటులో, సాక్సులో చుట్టి ఉంది మిషను. ఎర్రటి మొహం ఏడుస్తోంది. ఉడత షుగరు పడిపోతోంది.

పరుగున వెళ్ళి పిల్ల చేత జ్యూసు తాగించింది. కాసేపటికి అంకె పైకొచ్చింది, ఉడత చేతుల వణుకు తగ్గింది. అప్పుడు వాళ్ళమ్మ వణుకు మొదలైంది.

"నీకు బుద్ధుందా? ఇది వినపడకపోయుంటే? ఇక యాత్రా లేదు, గీత్రా లేదు!"

మామయ్య ఆ సాక్సు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"మరీ పల్చన. శబ్దం ఎలా ఆగుతుంది?"

"అన్నయ్యా! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. తప్పు చేసింది పిల్లయితే సాక్సునంటావేం?"

"ఆ సామెత పుట్టినప్పటి నుంచి అందరూ ఆడేదాన్నే తిడుతున్నారు," అన్నాడు మామయ్య తాపీగా. "ఒక్కడైనా వెళ్ళి ఆ మద్దెలను తిప్పి చూశాడా?"

ఆవిడ గ్లాసు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. మామయ్య ఇంకా తాగలేదు కూడా.

మళ్ళీ శనివారం వచ్చింది. మేనేజరు నవ్వుతూ ఒక్కొక్కరినీ అడిగాడు. "బాగా పనిచేసిందండీ." "చాలా ఉపయోగపడిందండీ." వాళ్ళమ్మ తల దించుకుంది. మామయ్య లేచాడు. మేనేజరు కుర్చీ పట్టుకున్నాడు.

"పోయినసారి ఆ మొహానికి ఒక వంక చెప్పడం మిగిలిపోయింది."

"చెప్పండి," అన్నాడు మేనేజరు నీరసంగా. "కనుబొమలు సరిచేశామండీ."

"చూశాను. ఇప్పుడు కుడిది పైకెళ్ళింది. అది కాదు. ఈ వంక నేను చెప్పేది కాదు, చెప్పాల్సినవాళ్ళే చెప్పాలి. నా వంకలైపోయాయి," అని పోయినసారి తిట్టిన కుర్చీలోనే బుద్ధిగా కూర్చుండిపోయాడు.

మామయ్య వంకలైపోవడమేమిటి! వాళ్ళమ్మకు ఆయన ఒంట్లో బాలేదేమోనని అనుమానమొచ్చింది. మామయ్య మాత్రం ఉడత వైపు చూసి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

ఉడత మెల్లగా లేచి నిలబడింది.

"అది నన్ను చూసి ఏడుస్తుంది," అంది. "క్లాసులో అది ఏడ్చిందంటే అందరూ నా వైపే చూస్తారు. నేనేదో తప్పు చేసినట్టు. ఒక్కోసారి ఏమీ తినకపోయినా అంకె పెరుగుతుంది. అయినా ఏం తిన్నావనే అంటారు. అందుకే బూటులో పెట్టాను."

అప్పుడు మూల బల్ల దగ్గరి చిన్న పిల్ల చెయ్యెత్తింది. "నేను పూలకుండీలో పాతిపెట్టాను."

"నేను ఫ్రిజ్‌లో పెట్టా," అన్నాడు ఇంకొకడు. "చలికి ఊరుకుంటుందనుకున్నా."

"బాగా పనిచేసిందన్నావుగా?" అని ఆ పిల్లవాడి తల్లి పక్కనున్న మొగుణ్ణి గిల్లింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. "హెచ్చరిక గట్టిగా ఉండాలనే అలా చేశామమ్మా. పోనుపోనూ పిల్లలు అలవాటు పడతారేమో..."

"నేను ముందొచ్చాను," అంది ఉడత. "అది తర్వాతొచ్చింది. తర్వాతొచ్చినదే సర్దుకోవాలి."

మేనేజరు మంచివాడే. గోడకున్న పెద్ద ఏడుపు మొహం బొమ్మను తనే పీకి మడిచి జేబులో పెట్టుకున్నాడు. డిజైనరమ్మాయి ఉడత మాటను ఎర్ర చీటీ మీద రాసి, అన్ని చీటీలకూ పైన అంటించింది.

వాళ్ళమ్మ కూతుర్ని పక్కకు లాక్కుని గొంతు తగ్గించి అడిగింది.

"ఇదంతా మామయ్యకు ముందే తెలుసా?"

"ఎప్పుడో చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"మామయ్య ఎప్పుడూ ఎంతుందని అడగడమ్మా," అంది.

వాళ్ళమ్మ కుర్చీలో కూలబడింది. ఆ కుర్చీకి వీపు మరీ నిటారే, ఆ సంగతి ఆమెకప్పుడు తెలిసింది. ఆసుపత్రి గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళంతా ఏం పెట్టావని అడిగిపోయారు. ఫ్యానునీ చక్రాన్నీ కర్టెన్నీ తిట్టిన అన్నయ్య మాత్రం ఆ మాట అడగలేదు. ఇన్నేళ్ళలో గుమ్మం మొదలుకొని గ్లాసు అడుగు దాకా ఆయన వంక పెట్టని వస్తువు తన ఇంట్లో లేదు. తనకు వంక పెట్టలేదు. పిల్లకు పెట్టలేదు. ఆఖరికి పెరటి దారిన పారిపోయే మొగుడిక్కూడా పెట్టలేదు. మనుషుల జోలికి వెళ్ళకుండా ఉండడానికే వస్తువుల మీద పడ్డాడో ఏమో! ఆ క్షణాన అన్నయ్య మీద ఆమెకు చెప్పలేనంత ప్రేమ కలిగింది. అటు తిరిగి చూస్తే, ఆయన డిజైనరమ్మాయికి ఎర్ర చీటీ జిగురు చాలదని చెబుతున్నాడు.

తర్వాతి శనివారాలన్నీ పిల్లలవే. హెచ్చరిక ఎలా ఉండాలో వాళ్ళే బొమ్మలు గీశారు. ముందు చేతి మీద చిన్నగా గిలిగింత పెట్టాలన్నారు. పిల్ల చూసుకోకపోతేనే శబ్దం, అప్పటికీ పలకకపోతే పెద్దవాళ్ళ ఫోను మోగాలని అమ్మలూ డాక్టరూ కలిపారు. మొహం మాత్రం ఎవరిదుండాలన్న దగ్గర పెద్ద గొడవ జరిగింది. కుక్కపిల్ల అన్నారు, రాకెట్టు అన్నారు. చివరికి పూలకుండీ పిల్ల, అంటే మిషన్ను పాతిపెట్టిన పిల్ల, ఒక బొమ్మ గీసి తెచ్చింది. మీసాలు, కళ్ళజోడు, విరిచిన పెదవి. అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. షుగరు పెరిగితే ఆ మీసాలాయన, "ఈ అంకె నాకు నచ్చలేదు. మార్చేద్దాం పద," అంటాడు. తగ్గితే, "ముందు జ్యూసు తాగు. వంకలు తర్వాత పెడదాం," అంటాడు. తిట్టేదెప్పుడూ అంకెనే.

మేనేజరు ఆ బొమ్మను భయపడుతూ మామయ్యకు చూపించాడు.

"ఎలా ఉందండీ?"

మామయ్య చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ చూశాడు, మళ్ళీ తుడిచాడు.

"మీసం వంకరగా ఉంది," అన్నాడు.

ఈ మీసాలాయనను చేతి నుంచి తీయనని ఉడత మాటిచ్చాక, వాళ్ళమ్మ యాత్రకు మళ్ళీ ఒప్పుకుంది. యాత్ర రోజు పొద్దున్నే బడి ముందు బస్సు ఆగింది. మామయ్య అప్పటికే దాని చుట్టూ తిరిగొచ్చాడు. హారను గొంతు బాలేదు, మెట్టు ఎత్తు, అద్దం మీద దుమ్ము. డ్రైవరు మర్యాదగా విని, అద్దం తుడిచాడు. ఉడత కిటికీ పక్క సీటెక్కింది. చేతికి మిషను, బ్యాగులో జ్యూసు ప్యాకెట్లు. ఏం చేయాలో టీచరుకు నేర్పించడం కూడా అయింది.

బస్సు కదలబోతుండగా ఉడత మణికట్టు వైపు చూసుకుని నవ్వింది. ప్యాకెట్టు తీసి, గొట్టం గుచ్చి తాగడం మొదలుపెట్టింది. పక్క సీటు పిల్ల తొంగిచూసి, "ఎవరే ఈ మీసాలాయన?" అంది. ఉడత గొట్టం నోట్లోంచి తీయకుండానే వేలితో బయట మామయ్యను చూపించింది. కిటికీలన్నింట్లోంచీ తలలు బయటికొచ్చాయి.

కింద వాళ్ళమ్మ ఆ మణికట్టు వైపే చూస్తోంది. అలవాటు చొప్పున నోరు తెరుచుకుంది.

"ఎంతుం..."

ఉడత నవ్వు ఆగింది. వాళ్ళమ్మ కూతురి మొహం చూసింది, ఖాళీ అవుతున్న ప్యాకెట్టు చూసింది, మాట మింగి బస్సు వంక తిరిగింది.

"ఏం కర్టెన్లే ఇవి! పాత దుప్పట్లు కోసి కట్టినట్టున్నాయి!"

ఉడత నోట్లో జ్యూసు ఉండగానే పగలబడి నవ్వింది. కాస్త కర్టెను మీద కూడా పడింది. బస్సు కదిలి, మలుపు తిరిగేదాకా ఆ చిన్న చెయ్యి ఊగుతూనే ఉంది.

మామయ్య చెల్లెలి వైపు వింతగా చూశాడు. వెళ్ళిపోయిన బస్సు వైపు చూశాడు. కాసేపు తీవ్రంగా ఆలోచించి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాడు.

"కర్టెన్లు బానే ఉన్నాయిగా?"